అరవై ఆరు టిక్కులు

నవంబర్ 4, సోమవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. నేను రాసినవన్నీ రిజిస్టర్లే. స్కూలు ప్రయోగశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు రసాయనాల సీసాలు చూసుకున్నాను. ఏ సీసాలో ఎంత ఉందో, ఎవరు ఎంత తీశారో ఒక్క గడి ఖాళీ వదలకుండా రాశాను. అవి పదిమంది చూసేవి. ఇది నేను తప్ప ఎవరూ చూడకూడదు. నిన్న జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోకపోతే, రేపు ఎవరైనా నిలదీసినప్పుడు నా మాటకు ఆధారం ఉండదు. అందుకని మొదలుపెట్టాను.

నిన్న పొద్దున మనవరాలు పాలు తాగి పది నిమిషాల్లో వాంతి చేసుకుంది. కోడలు పాల గిన్నె తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.

"అత్తయ్యా, ఇంత కంపు కొడుతుంటే ఎలా ఇచ్చారండీ?"

ఇచ్చేముందు వాసన చూశాను. రోజూ చూస్తాను. చూశాకే ఇచ్చాను.

కోడలు ఆసుపత్రిలో నర్సు. మాట పెంచదు, అదే కష్టం. పాప నోరు కడిగి, బట్టలు మార్చి, అప్పుడు చెప్పింది: "ఈ పదిహేనో తారీఖు దాకా చూస్తానండీ. ఈలోగా ఇలాంటిది ఇంకొక్కటి జరిగితే పాపను సెంటర్‌లో వేస్తాను." స్కూలు పక్కన ఆ సెంటర్ ఉంది. బడి వదిలిన పిల్లల్ని అమ్మానాన్నలు వచ్చేదాకా కూర్చోబెడతారు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు టీవీ.

అబ్బాయి ఓడలో ఇంజను దగ్గర పని చేస్తాడు, ఏప్రిల్ దాకా రాడు. మూడున్నర నుంచి ఆరుంబావు దాకా పాప నా దగ్గరే. రెండేళ్ళుగా ఇంతే. ఆ రెండు గంటల ముప్పావు పోతే, మిగిలిన ఇరవై ఒక్క గంటల పావులో నాకు చేయాల్సిన పని ఏమీ లేదు. లెక్క అది.

వంటింటి తలుపు వెనక నా రిజిస్టర్ వేలాడుతోంది. రోజుకో వరస, మూడు గడులు: పొయ్యి నాబ్‌లు కట్టేశానా, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశానా, గ్యాస్ వాసన చూశానా. మూడు టిక్కులు, చివర నా పొడి అక్షరాలు. ప్రయోగశాల పద్ధతే ఇంటికి తెచ్చుకున్నాను. నిన్నటి వరసలో మూడూ ఉన్నాయి. ఇంత పద్ధతిగా నడిచే ఇల్లు కోడలికి ఎక్కడ దొరుకుతుంది?

సెప్టెంబర్‌లో పట్టిన జలుబు ఇంకా పూర్తిగా వదల్లేదు. అంతే.

నవంబర్ 5, మంగళవారం

పదహారో తారీఖు శనివారం పాప స్కూల్లో ప్రదర్శన. వంటింట్లో దొరికే వాటితో పది ప్రయోగాలు చేసి, నోటు పుస్తకంలో రాసి, ప్రతిదాని కింద ఇంట్లో పెద్దవాళ్ళ సంతకం పెట్టించుకుని తీసుకెళ్ళాలి. ఆరు అయ్యాయి. ఈరోజు ఏడోది: వెనిగర్‌లో గుడ్డు. పొడవాటి గ్లాసు, వెనిగర్ 180 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి. మొదలుపెట్టిన సమయం 4.05.

పాపను ఇంట్లో బుడగ అంటాం. సబ్బునీళ్ళు కనపడితే చాలు ఊదడమే పని. తొమ్మిదేళ్ళు వచ్చినా మానలేదు. గ్లాసు మీదకు వంగి చూసి, "నానమ్మా, గుడ్డు బట్టలు విప్పుకుంటోంది!" అంది.

"పెంకు మీద బుడగలు పుడుతున్నాయి, పెంకు కరుగుతోంది. అలా రాయి."

"నాదే బాగుంది."

"బాగుండటం కోసం కాదు రాసేది. జరిగింది రాయాలి. జరగాలని నువ్వనుకున్నది కాదు. తప్పు రాస్తే రబ్బరు పెట్టకూడదు. దాని మీద ఒక్క గీత గీసి పక్కన సరైంది రాయాలి. కొట్టేసింది కూడా అందరికీ కనపడాలి."

"ఎందుకూ, తప్పు కనపడితే సిగ్గు కదా?"

"దాచితే ఇంకా సిగ్గు."

బుద్ధిగా తల ఊపింది. వెంటనే ముక్కు మూసుకుని, "అబ్బ, కంపు! నీకు రావట్లేదా?" అని అడిగింది. వెనిగర్ అలాగే ఉంటుందని చెప్పాను.

నవంబర్ 6, బుధవారం

గుడ్డు పెంకు మూడొంతులు పోయింది. మూడు టిక్కులు. చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

నవంబర్ 7, గురువారం

గుడ్డు పూర్తిగా మెత్తబడింది. పొద్దున బుడగ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. ఏడోదాని కింద సంతకం పెట్టాను.

ఎనిమిదోది: ఊదా రంగు క్యాబేజీ. ముక్కలు కోసి నీళ్ళలో ఉడికిస్తే నీళ్ళు ఊదాగా మారతాయి. వాటిలో వెనిగర్ పోస్తే గులాబీ రంగు, వంట సోడా వేస్తే నీలం. ఇది నాకు కొట్టిన పిండి. ఉడుకుతుండగా హాల్లోకి వెళ్ళి గాజు గ్లాసులు తుడుస్తున్నాను. బడి నుంచి వచ్చిన బుడగ బూట్లతోనే వంటింట్లోకి పరుగెత్తి పొయ్యి కట్టేసింది. గిన్నె అడుగు నల్లగా మాడిపోయింది.

నేను సరిగ్గా అప్పుడే లేవబోతున్నాను.

రెండోసారి పెట్టాం. దగ్గరే నిలబడ్డాను. రంగులు చక్కగా వచ్చాయి. బుడగ ఉన్నట్టుండి ఫ్రిజ్ తీసి పాలు తెచ్చి, ఊదా నీళ్ళు రెండు చుక్కలు వేసి చూసింది.

"పాలు పుల్లగా అయితే ఇది గులాబీ రంగుకి తిరుగుతుందా నానమ్మా?"

"తిరగాలి."

"అయితే వాసన చూడక్కర్లేదుగా. ఒక చిన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో. రోజూ పొద్దున రెండు చుక్కలు."

తెలివైన ఆలోచన. వాసన చూడటం దీనికంటే సులభం కదా అన్నాను. అయినా అది సీసా పెట్టింది. పైన కాగితం అంటించి, పాలకు అని రాసింది.

మాడిన గిన్నెను మూలనున్న అట్టపెట్టె వెనక దాచింది కూడా తనే. నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు.

నవంబర్ 8, శుక్రవారం

కోడలు పాల గిన్నె మూత తీసి, నా ఎదురుగానే, తను వాసన చూసి అప్పుడు పాపకిచ్చింది.

నవంబర్ 9, శనివారం

తొమ్మిదో ప్రయోగం తనే కనిపెడతానంది. సరే అన్నాను. నా కళ్ళకు తువ్వాలు కట్టింది. టేబుల్ మీద అయిదు కప్పులు ఒక్కొక్కటే నా ముక్కు కింద పెట్టి, అదేమిటో చెప్పమంది.

మొదటి కప్పు పెట్టేటప్పుడు లోపల ఏదో గలగలమంది. గింజల చప్పుడు. కాఫీ గింజలన్నాను. రెండోది ఉల్లిపాయ అన్నాను. మూడోది సబ్బు. నాలుగోది వెనిగర్. అయిదోది ఉత్త నీళ్ళు.

"సరేనా?" అని అడిగాను.

కప్పులు గబగబా తీస్తున్న చప్పుడు. "సరే నానమ్మా" అంది.

తువ్వాలు తీసేసరికి కప్పులన్నీ సింకులో ఉన్నాయి. దేంట్లో ఏముందో చూడలేదు. జలుబు ఉంది కాబట్టి ఒకటి రెండు అటూ ఇటూ అయి ఉంటాయి. నోటు పుస్తకం తెచ్చింది, సంతకం పెట్టాను.

చదివాకే సంతకం పెట్టాను అని రాయబోయాను. చదవలేదు. కళ్ళజోడు లోపలి గదిలో ఉంది.

నవంబర్ 10, ఆదివారం

కోడలికి ఈరోజు రాత్రి డ్యూటీ. అయిదింటికి బయలుదేరింది. ఆమె అటు వెళ్ళగానే పై అంతస్తులో ఉండే టైలరమ్మ దిగి వచ్చింది. మెళ్ళో కొలతల టేపు, నోట్లో గుండుసూది. దాన్ని తీసి చెంగుకు గుచ్చుకుని మరీ మొదలుపెట్టింది.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. మధ్యాహ్నం మీరు వంట చేసేటప్పుడల్లా మా కిటికీలోకి గ్యాస్ వాసన కొడుతోంది. మూడు రోజుల్నుంచి చూస్తున్నాను."

"మా ఇంట్లోంచి కాదు."

"కింద ఉన్నది మీరే కదండీ?"

"రోజూ చూసి రాస్తున్నాను. కావాలంటే రిజిస్టర్ చూసుకో. ఒక్క రోజు తప్పలేదు."

ఆవిడ తలుపు వెనక వేలాడుతున్న రిజిస్టర్ కేసి చూసింది, నాకేసి చూసింది. "మీ రిజిస్టర్‌కి ముక్కుందా అండీ?" అంది.

నీ ఇస్త్రీపెట్టె వాసన అయి ఉంటుంది, ముందు దాన్ని చూపించుకో అన్నాను. గొంతు పెద్దదైంది నాది. ఆవిడ వెళ్ళిపోయాక చూస్తే బుడగ మెట్ల దగ్గర నిలబడి ఉంది. మొత్తం విన్నట్టుంది.

"అమ్మకి చెప్తుందా ఆవిడ?" అని అడిగింది.

"ఏముందని చెప్పడానికి?"

నవంబర్ 11, సోమవారం

ఇప్పటికి రెండుసార్లు పెన్ను కింద పెట్టి మళ్ళీ తీశాను. కోపంతోనే.

పొద్దుటి నుంచి వాన. కిటికీలన్నీ మూసేశాను. కోడలు రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపలి గదిలో తలుపేసుకుని నిద్రపోతోంది. మూడింటికి టీ పెట్టుకున్నాను, మళ్ళీ కావాల్సి వస్తుందని రెగ్యులేటర్ కట్టలేదు, నాబ్ కట్టాను. ఈ ఒక్కటీ రిజిస్టర్‌లో లేదు, ఇక్కడ రాస్తున్నాను.

పదో ప్రయోగం కొవ్వొత్తి. పళ్ళెంలో రంగు నీళ్ళు, మధ్యలో కొవ్వొత్తి, వెలిగించి పైన గ్లాసు బోర్లిస్తే మంట ఆరిపోయి నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. వంటింటి టేబుల్ మీద అన్నీ వరసగా సర్ది పెట్టాను. సమయం 3.40. బుడగ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"నానమ్మా, ఈరోజు వద్దు."

"ఎందుకు?"

"వద్దు. రేపు చేద్దాం."

"రేపటి పని రేపుంది. భయమా?"

"భయమే. వద్దు నానమ్మా, నీకు దణ్ణం పెడతాను." గుసగుసలాడినట్టు మాట్లాడింది. కళ్ళు మాటిమాటికీ లోపలి గది తలుపు వైపు పోతున్నాయి.

నిప్పంటే భయపడే పిల్ల ఏ ప్రయోగమూ చేయలేదని నా నమ్మకం. అగ్గిపెట్టె తీసి పుల్ల పట్టుకున్నాను. అంతే, ఒక్క ఉదుటున వచ్చి పళ్ళెం ఎత్తి నీళ్ళన్నీ నా చేతుల మీద కుమ్మరించింది. పుల్ల, పెట్టె, నా చీర అన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాత వాన కొడుతున్నా రెండు కిటికీలూ బార్లా తెరిచింది.

దాని చేతి మీద ఒక్కటి వేశాను. రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

ఏడవలేదు. "అమ్మను లేపకు" అంది.

రెండు రోజులు ప్రయోగాలు లేవని చెప్పాను. ఆ తర్వాత చూస్తే రెగ్యులేటర్ కట్టి ఉంది. నేను కట్టలేదని పైన రాశాను. కట్టే ఉంటాను.

నవంబర్ 12, మంగళవారం

మూడు టిక్కులు.

నవంబర్ 13, బుధవారం

బుడగ మాట్లాడుతోంది, తింటోంది, చదువుకుంటోంది. కానీ బడి నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి నిలబడుతోంది. ఆకలేమో అనుకునేదాన్ని. ఈరోజు గమనించాను. ఏమీ తీసుకోదు. పొయ్యి దగ్గర, సిలిండర్ దగ్గర, ఫ్రిజ్ దగ్గర ఒక్కో క్షణం ఆగి బయటికి వస్తుంది. క్యాబేజీ అడుగంటిన రోజు కూడా బూట్లతోనే పరుగెత్తింది.

ఏం చేస్తున్నావే అని అడిగాను. "ఊరికే" అంది.

మూడు టిక్కులు పెట్టాను. మూడోది పెట్టేటప్పుడు పెన్ను కాసేపు ఆగింది. సిరా సరిగ్గా రావడం లేదు.

నవంబర్ 14, గురువారం

ఇప్పుడు సమయం 5.20. కోడలు రావడానికి యాభై అయిదు నిమిషాలుంది. జరిగింది రాస్తున్నాను.

శిక్ష నిన్నటితో అయిపోయింది. పదో ప్రయోగానికి ముందు పుస్తకం ఒకసారి సరిచూద్దామని బుడగ బడి నుంచి రాకముందే తీశాను. ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నాను. తొమ్మిదో పేజీలో కాగితం పల్చబడి ఉంది. రబ్బరు పెట్టి రుద్దిన చోటు. పైన చక్కటి అక్షరాలతో ఇలా ఉంది: "నానమ్మ అయిదూ సరిగ్గా చెప్పింది." కింద నా సంతకం.

పేజీని కిటికీ అద్దానికి ఆనించి చూశాను. పెన్సిల్ ఒత్తిన గుర్తులు ఎక్కడికీ పోవు.

కాఫీ గింజలు: కాఫీ అంది. సరే. (చప్పుడు విని.)
వెల్లుల్లి: ఉల్లిపాయ అంది. తప్పు.
వెనిగర్: సబ్బు అంది. తప్పు.
ఉత్త నీళ్ళు: వెనిగర్ అంది. తప్పు.
కిరోసిన్: ఉత్త నీళ్ళు అంది. తప్పు.

కిరోసిన్ నా ముక్కు కింద పెడితే నేను ఉత్త నీళ్ళన్నాను.

బుడగ వచ్చింది. మామూలుగానే వంటింట్లోకి వెళ్ళింది. నేను పుస్తకం తెరిచి టేబుల్ మీద పెట్టాను. చూసింది. బూటు లేసు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"రబ్బరు పెట్టకూడదని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి?"

"పుస్తకం అమ్మ చూస్తుందిగా."

"చూస్తే?"

"నీకు వాసన తెలియట్లేదని తెలిసిపోతుంది. నన్ను సెంటర్‌లో వేసేస్తుంది."

"సెంటరంటే అంత భయమా?"

తల అడ్డంగా ఊపింది. "సెంటర్ బాగానే ఉంటుంది. మా క్లాసువాళ్ళు ముగ్గురున్నారు. నేను అక్కడుంటే నీకు వాసన ఎవరు చెప్తారు?"

నేనూ వెళ్ళి దాని పక్కనే నేల మీద కూర్చున్నాను. అది ఆగలేదు, వాన వెలిసాక చూరు కారినట్టు ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. సోమవారం గుమ్మంలోకి వచ్చేసరికే గ్యాస్ వాసన గుప్పుమన్నదట. గ్యాస్ అని అరిస్తే గదిలో పడుకున్న అమ్మకు వినిపిస్తుందట. అందుకని వద్దు వద్దని బతిమాలిందట. నేను పుల్ల తీసేసరికి ఇంకేమీ తోచలేదట. రెగ్యులేటర్ కట్టింది తనేనట.

మూసిన కిటికీలు. నలభై నిమిషాలు తెరిచి ఉన్న రెగ్యులేటర్. నా చేతిలో అగ్గిపుల్ల. పక్క గదిలో కోడలు, ఎదురుగా ఈ పిల్ల.

ఆ పిల్ల చేతి మీదే నేను కొట్టాను.

"ఎక్కడి నుంచి వస్తోందో తెలుసా?" అని అడిగాను.

"తెలుసు. చూపిస్తాను, నీ కళ్ళతో నువ్వే చూడు."

గిన్నెలో సబ్బునీళ్ళు నురగ వచ్చేలా గిలకొట్టి తెచ్చింది. కిటికీలు, తలుపు తెరిచింది. పొయ్యి వెనక గొట్టం కలిసే చోట బ్రష్షుతో నురగ పూసింది. "ఇప్పుడు రెగ్యులేటర్ ఒక్క క్షణం తిప్పు" అంది. తిప్పాను.

గొట్టం అంచున ఒక బుడగ పుట్టింది. ఉబ్బింది. పగిలింది. దాని వెనకే ఇంకొకటి. ఇంకొకటి.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో పిల్లలకు ఇది ఎన్నిసార్లు చేసి చూపించానో. రెగ్యులేటర్ కట్టేసి, సిలిండర్ మీద నుంచి ఊడదీసి, సిలిండర్‌ను వెనక వరండాలో పెట్టాను. మెకానిక్‌కి ఫోన్ చేశాను. రేపు తొమ్మిదింటికి వస్తానన్నాడు.

రిజిస్టర్ తీసి టేబుల్ మీద పెట్టాను. జలుబు పట్టింది సెప్టెంబర్ తొమ్మిదిన. ఆరోజు నుంచి నిన్నటిదాకా వాసన గడిలో టిక్కులు లెక్కపెట్టాను. అరవై ఆరు. రోజూ ముక్కు పెట్టాను, ఏమీ తెలియలేదు, టిక్కు పెట్టాను. జలుబు పది రోజుల్లోనే తగ్గిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసనే రాస్తున్నాను.

ఎర్ర సిరాతో ఒక్కో టిక్కు మీద ఒక్కో గీత గీశాను. కింద టిక్కు కనపడేలాగే. పక్కన ఈరోజు తారీఖు, పొడి అక్షరాలు. బుడగ పక్కన నిలబడి పేజీలు తిప్పుతూ వచ్చింది. నలభై దాటాక అంది:

"నీకు ముక్కు మీద కోపం ఒక్కటే మిగిలింది నానమ్మా. వాసన మొత్తం పోయింది."

నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. నేను ఎక్కువసేపు నవ్వలేకపోయాను.

ఇక జరగాల్సినవి:

1. కోడలు ఆరుంబావుకి వస్తుంది. బ్యాగు కింద పెట్టకముందే నేను చెప్పాలి. బుడగ చెప్పకూడదు, ఆ పని దానిది కాదు. పాలు, మాడిన గిన్నె, సోమవారం అగ్గిపుల్ల, ఈ వరసలో. జలుబు అనే మాట వాడకూడదు.

2. రిజిస్టరు, పాప పుస్తకం రెండూ ఆమె ముందు పెట్టాలి. ఈ డైరీ కూడా. ఎవరూ చూడకూడదని మొదటి పేజీలో రాశాను. దాని మీద గీత గీశాను.

3. మెకానిక్ గొట్టం మార్చి, సబ్బునీళ్ళతో పరీక్షించి చూపించేదాకా పొయ్యి వెలగదు. రాత్రికి రొట్టె, పళ్ళు.

4. ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తిరిగి వస్తుందో రాదో ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి.

5. పై అంతస్తు టైలరమ్మకు క్షమాపణ. ఆవిడ ఇస్త్రీపెట్టెలో ఏ దోషమూ లేదు.

6. తొమ్మిదో పేజీలో రబ్బరు పెట్టాక రాసిన వాక్యం మీద గీత గీసి, అసలు ఫలితాలు సిరాతో రాయించాలి. చదివి సంతకం పెట్టాలి. శనివారం ప్రదర్శనలో కళ్ళకు తువ్వాలు కట్టుకుని కప్పుల ముందు నేనే కూర్చుంటాను. పదో ప్రయోగం సబ్బునీళ్ళు.

7. సెంటర్ విషయం కోడలి ఇష్టం. నేను ఎదురు చెప్పను. సోమవారం నుంచి అంటే సోమవారం నుంచి, బూట్లు నేనే తుడిచి పెడతాను.

8. సోమవారం కొట్టిన దెబ్బకు పాపను క్షమాపణ అడిగాను. ఇది అయిపోయింది. "రెండు రోజులు ప్రయోగాలు ఆపినందుక్కూడా అడుగు" అంది. అడిగాను.

9. "నేను లేనప్పుడు నీకు వాసన ఎవరు చెప్తారు?" జవాబు నాకు తెలియదు. గడి ఖాళీగా వదిలేస్తున్నాను.